చిక్కడపల్లి సందులో వయోవృద్ధుల సంఘం: 300 రూపాయల సభ్యత్వం, ఏడాది పైన నా అనుభవం

“దస్తావేజు తెచ్చారా అమ్మా?”

కుర్చీలు చూపించి, మంచినీళ్లు ఇచ్చాక సంఘం కార్యదర్శి గారు అడిగిన మొదటి మాట ఇది. మా అక్క చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అప్పటికి మేమిద్దరం ఓ ముగ్గురు నలుగురి దగ్గరికి తిరిగి ఉన్నాం. అందరూ అక్క కష్టం విన్నారు, అయ్యో పాపం అన్నారు, “కొడుకుతో సర్దుకుపోవాలమ్మా” అన్నారు. కాగితం అడిగినవాళ్లు లేరు.

అది 2024 జూన్. అక్కకు 75 దాటాయి, నాకు 69. ఆ రోజే 300 కట్టి సభ్యత్వం తీసుకున్నాను. సంవత్సరానికి అంతే, వేరే ఫీజు లేదు. జిరాక్సులు, ఆటో ఖర్చులు మనవే. ఏడాది పైన వాడుకున్నాను కాబట్టి బాగున్నదీ బాగాలేనిదీ రెండూ రాస్తున్నా.

సంఘం పేరు రాయడం లేదు. రాయొద్దని కార్యదర్శి గారే అన్నారు. ఉన్నది ఒక్క గది, పనిచేసేవాళ్లు ఐదారుగురు. పేరు చూసి ఎక్కడెక్కడి నుంచో పెద్దవాళ్లు బస్సెక్కి వస్తే న్యాయం చేయలేమని ఆయన భయం. చుట్టుపక్కల ఉండేవాళ్లు త్యాగరాయ గానసభ దగ్గరికి వచ్చి అడిగితే చూపిస్తారు. మెట్రోలో అయితే చిక్కడపల్లి స్టేషన్‌లో దిగాలి, అక్కడ లిఫ్ట్ ఉంది. దూరంగా ఉండేవాళ్లకు కూడా ఇది పనికొస్తుందనే రాస్తున్నా. మీ పేటలో ఇలాంటి సంఘం ఉంటే, అది పనిచేసేదో కాదో దేన్ని చూసి తెలుసుకోవచ్చో ఇందులో ఉంది.

ముందు అక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా అందులోంచే వచ్చింది. నల్లకుంటలో 120 గజాల ఇల్లు. 2016లో బావగారూ అక్కా కలిసి కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేశారు. 2021లో బావగారు పోయారు. ఆ తర్వాత అక్క మంచం ముందు గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వెనక సామాన్ల గదికి వచ్చింది. తిండి పెట్టలేదని నేను అనను. పెట్టేవాళ్లు, కంచం గడప దగ్గర పెట్టి వెళ్లిపోయేవాళ్లు. మాత్రల డబ్బులు అడిగితే “ఇల్లు రాసిచ్చారు కదా, ఇంకేం ఉంది మీ దగ్గర” అన్నాడు వాడు. నా చేతుల మీద పెరిగిన పిల్లాడు.

నేను మొదట 14567కి ఫోన్ చేశాను. ఎల్డర్‌లైన్ అంటారు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, డబ్బులు పడవు. ఇప్పుడు దేశమంతా ఉన్న ఈ లైన్ మొదలైంది మన హైదరాబాద్‌లోనే. 2021 అక్టోబర్ 1న దేశం మొత్తానికి ఇచ్చారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఓపికగా విని, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉందనీ, ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చనీ చెప్పింది. నేను ట్రంక్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటర్‌గా చేరి టెలిఫోన్స్‌లోనే రిటైరైనదాన్ని. అవతలి మనిషి వింటున్నారో, వింటున్నట్టు ఉన్నారో నాకు గొంతులో తెలుస్తుంది. ఆ అమ్మాయి విన్నది. కానీ దరఖాస్తు రాయడం, పట్టుకుని తిరగడం మనమే చేసుకోవాలి కదా. అక్కడే ఈ సంఘం పనికొచ్చింది.

కార్యదర్శి గారు రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి. దస్తావేజు బల్ల మీద పరిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వేలు పెట్టుకుని ఒక్కొక్క లైనూ చదివారు. “దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో” అన్నచోట ఆగలేదు. “పుత్ర పౌత్ర పారంపర్యంగా” అన్నచోట ఆగలేదు. మూడో పేజీ కింద ఆయన వేలు ఆగింది. “మా శేష జీవితమునందు మమ్ములను పోషించు షరతుపై” అని ఉందక్కడ. ఆ ఒక్క లైను కింద పెన్సిల్‌తో సన్నగా గీశారు. “ఎవరు రాశారమ్మా ఈ దస్తావేజు? ఆయనకు దండం పెట్టాలి” అన్నారు. అక్క అప్పుడు ఏడ్చింది. రాయించింది బావగారు. ఆ లైను ఉండాల్సిందేనని డాక్యుమెంట్ రైటర్‌తో పట్టుబట్టారట, కొడుకు అలిగినా వినలేదట.

ఆ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారన్న షరతు మీద పెద్దవాళ్లు ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్లు చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయమని అడగొచ్చు. ఆ షరతు ఉందని చూపించాలని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే ఆయన ముందు కాగితం అడిగారు. తర్వాత 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, ఇది పెద్దవాళ్ల మేలు కోసం తెచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలనీ, ఇల్లు తిరిగి స్వాధీనం చేయమని చెప్పే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందనీ తీర్పు వచ్చింది. అది పేపర్లో చూసిన మర్నాడే ఆయన కాపీ తీయించి మా ఇంటికి పంపారు. ఎవరూ అడగకుండానే. మన కేసు ఒకరి తలలో తిరుగుతోందని తెలిస్తే ఎంత ధైర్యమో ఆ రోజు తెలిసింది.

దరఖాస్తు రెండు పేజీలు. లాయరు అక్కర్లేదు, 17వ సెక్షన్ ప్రకారం రెండు పక్షాలకూ లాయర్లు ఉండకూడదు. పెద్దవాళ్లు తిరగలేకపోతే వాళ్లు అధికారం ఇచ్చిన సంస్థ వాళ్ల తరఫున వేయొచ్చు. నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరి అయితే ఇంకో 30 రోజులు. మాకు అంతకంటే చాలా ఎక్కువ పట్టింది. రెండుసార్లు వెళ్లి వాయిదా అని తిరిగొచ్చాం. అధికారి వేరే డ్యూటీ మీద వెళ్లారన్నారు. ఏ ఆఫీసో రాయను. రెండోసారి అక్క బీపీ పెరిగి అక్కడి బెంచీ మీదే పడుకుంది.

2025 ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. నెలకు 7,000, మందుల ఖర్చు వేరే, ముందు గది అక్కకు. ఇల్లు వెనక్కి కావాలా అని కార్యదర్శి గారు ముందే అడిగారు. హక్కు ఉంది, అడుగుదామా అని రెండుసార్లు అడిగారు. అక్క వద్దంది. “ముందు గది ఇస్తే చాలు, అన్నా. కిటికీలోంచి వీధి కనిపిస్తది” అంది. ఆయన ఆ మాటే దరఖాస్తులో పెట్టారు, తనకు తోచింది పెట్టలేదు. ఇది నేను మరిచిపోలేను.

అక్క పనితో సరిపెట్టుకుంటే ఇది అర్జీలు రాసిపెట్టే సంఘం అయ్యేది. మొదటి వాయిదా పడ్డ సాయంత్రం నేను కోపంగా అక్కడికి వెళ్లాను. ఆయన నా మాటలన్నీ విని, అలమారాలోంచి పొడుగాటి రిజిస్టరు తీశారు. అందులో సభ్యుల వాయిదాల తేదీలున్నాయి. ఆ ఏడాదిలో మా అక్కతో కలిపి తొమ్మిది పేర్లు. “ఇది మీ అక్కగారి ఒక్కరి సంగతి కాదమ్మా. ఆర్డీఓ మీద భూసేకరణ, ఎలక్షన్లు, ప్రోటోకాల్, వరదలు అన్నీ ఉంటాయి. ఆయన మంచివారైనా ముసలివాళ్ల కేసు వెనక్కి పోతుంది. అడగాల్సింది ఆయన్ని కాదు, ఆయనకు పని ఇచ్చేవాళ్లను” అన్నారు.

అలా పుట్టింది ఆ వినతిపత్రం. రాష్ట్రంలో ప్రతి రెవెన్యూ డివిజన్‌లో వయోవృద్ధుల ట్రిబ్యునల్‌కు వారంలో ఒక రోజు కేటాయించాలి, ఆ రోజు వేరే డ్యూటీ పడితే ఆ వారంలోనే ఇంకో రోజు పెట్టాలి. అంతే కోరిక. ఒక్క పేజీ. నేను మా మందులు, బస్సు, బ్యాంకు క్యూ కూడా రాయమన్నాను. రాయనివ్వలేదు. ఐదు కోరికలున్న కాగితం ఐదు శాఖలకు పోవాలి, అందుకని ఎక్కడికీ పోదట. ఒక కాగితం, ఒక కోరిక, ఒక శాఖ.

దాన్ని పట్టుకుని తిరిగాం. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి. మంగళవారం, శుక్రవారం బేగంపేట ప్రజాభవన్‌లో ప్రజావాణి. తర్వాత సచివాలయంలో సంబంధిత శాఖ. ఎక్కడ ఇచ్చినా రెండు కాపీలు. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు. ఆ నంబరు పడేదాకా కార్యదర్శి గారు కౌంటర్ దగ్గర నుంచి కదలరు. “ఇచ్చాం అని చెప్పుకుంటే సరిపోదు, అందింది అని వాళ్లు ఒప్పుకోవాలి” అంటారు. ఇంటికొచ్చాక రిజిస్టర్లో ఎక్కుతుంది. ఇచ్చిన తేదీ, తీసుకున్నవారు, నంబరు, మళ్లీ అడగాల్సిన తేదీ. ఆ నాలుగో గడి ఖాళీగా ఉంటే మీటింగ్‌లో అధ్యక్షులవారు ఊరుకోరు. ఆ వినతిపత్రానికి ఆ గడిలో ఇప్పటికి ఆరు తేదీలు పడ్డాయి. అందులో నాలుగుసార్లు వెళ్లినవాళ్లలో నేనున్నాను.

ఫలితం ఏమిటంటే, మా డివిజన్‌లో ఇప్పుడు ఈ కేసుల విచారణ వారంలో ఒక రోజున పెడుతున్నారు. నోటిమాట ఏర్పాటే, కాగితం మీద ఉత్తర్వు లేదు. అధికారి మారితే పోవచ్చు. రాష్ట్రమంతటికీ మేం అడిగిన జీవో ఇంకా రాలేదు.

గదిలో గోడకు ఒక నల్లబోర్డు ఉంటుంది. మధ్యలో గీత. ఎడమవైపు ఢిల్లీ, కుడివైపు హైదరాబాద్. కొత్త సభ్యులు ఎవరొచ్చినా ముందు దాని ముందు నిలబెడతారు. మనకు కోపం వస్తుంది కానీ ఆ కోపం ఏ గడపకు చేరాలో తెలియదు. 2020 మార్చి 20న ఆగిపోయిన రైలు రాయితీ గురించి ఎమ్మెల్యేను తిట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు. 60 దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం ఉండేది. అది ఢిల్లీ వైపు. పీఎఫ్ కట్టిన ఉద్యోగులకు ఇచ్చే ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 నుంచి 1,000 దగ్గరే ఉంది, అదీ ఢిల్లీయే. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 80 ఏళ్ల లోపువాళ్లకు 200, ఆ పైవాళ్లకు 500. అదీ ఎడమవైపే. పిల్లల నుంచి ట్రిబ్యునల్ ఇప్పించే భత్యం నెలకు 10,000 దాటకూడదన్న పరిమితి చట్టంలోనే ఉంది. దాన్ని ఎత్తేసే బిల్లు 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో పెట్టారు, సభ గడువు అయిపోవడంతో అదీ పోయింది. ఆ పక్కన బోర్డు మీద ‘ఎంపీ’ అని రాసి ఉంటుంది.

కుడివైపు మనది. ట్రిబ్యునళ్లు, చేయూత పింఛను, ఆరోగ్యశ్రీ, ప్రభుత్వాసుపత్రుల్లో పెద్దవాళ్లకు వేరే క్యూ, వృద్ధాశ్రమాలు. ఇక్కడ ఆయన చెప్పిన ఒక చిన్న విషయం నాకు బాగా నాటుకుంది. ఆ చట్టంలో 19వ సెక్షన్, జిల్లాకు ఒకటైనా 150 మంది పట్టే వృద్ధాశ్రమం ప్రభుత్వం ‘ఏర్పాటు చేయవచ్చు’ అంటుంది. 20వ సెక్షన్, ఆసుపత్రుల్లో మంచాలు, వేరే క్యూలు ఉండేలా ప్రభుత్వం ‘చూడాలి’ అంటుంది. పక్కపక్కనే ఉన్న సెక్షన్లు. “‘చేయవచ్చు’ అన్నచోట మనం దయచేసి అని రాయాలి. ‘చూడాలి’ అన్నచోట దయచేసి అక్కర్లేదమ్మా, ఎప్పటిలోగా చేస్తారో రాయమని అడగాలి” అన్నారు. ఆ తర్వాత మా లైన్‌లోని ఒక ఆసుపత్రిలో ఓపీ దగ్గర వేరే క్యూ కోసం రాసిన అర్జీలో ‘దయచేసి’ అనే మాట లేదు. మూడు వారాల్లో అక్కడ తాడు కట్టి బోర్డు పెట్టారు.

ఎమ్మెల్యే దగ్గరికి నన్ను తీసుకెళ్లింది జనవరిలో. బడ్జెట్ అసెంబ్లీలో చదివేది మార్చిలో అయినా శాఖలు లెక్కలు వేసుకునేది అంతకు ముందే, కాబట్టి ఫిబ్రవరి చివర్లో వెళ్తే చేతులూపి రావడమేనట. ఐదుగురం వెళ్లాం. ఎవరు ఏం మాట్లాడాలో ముందు రోజే పంచుకున్నాం. నా వంతు అక్క సంగతి, రెండు నిమిషాలు. ఇంట్లో గడియారం పెట్టుకుని చెప్పి చూసుకున్నాను. లోపల మాకు దొరికింది పది నిమిషాల లోపే, మధ్యలో రెండు ఫోన్లు. నేను తారీఖులతో చెప్పాను, ఏడవలేదు. ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి విన్నారు. “మా నియోజకవర్గంలో ఇట్లాంటివి ఎన్ని పెండింగ్ ఉన్నాయి?” అని అడిగారు. కార్యదర్శి గారు రిజిస్టరు తెరిచి చూపించారు. అక్కడికక్కడే మంత్రికి లెటర్ రాయించారు, కాపీ మాకిచ్చారు. ఆ లెటర్ ఎంతవరకు వెళ్లిందో నెలనెలా అడుగుతూనే ఉన్నాం.

పార్టీల సంగతిలో సంఘం గట్టిగా ఉంటుంది. ఏ పార్టీ వేదిక ఎక్కరు, ఏ పార్టీ శాలువా కప్పించుకోరు. 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికలప్పుడు నేను ఇంకా చేరలేదు, రిజిస్టర్లో చూశాను. నిలబడ్డ అభ్యర్థులందరికీ ఒకే కాగితం, ఒకే నాలుగు ప్రశ్నలు ఇచ్చి, ఎవరు ఏం జవాబిచ్చారో రాసిపెట్టుకున్నారు. ఒకాయన హాలూ భోజనాలూ ఇస్తామంటే వద్దన్నారట. సభ్యుల్లో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు, మెట్లు దిగాక వాదించుకుంటారు, గదిలో మాత్రం లేదు. అక్టోబర్ 1 వయోవృద్ధుల దినోత్సవాన్ని కూడా బాగా వాడుకుంటారు. అధికారులంతా ఒకే వేదిక మీద ఉంటారు కాబట్టి ఆ రోజు వినతిపత్రాలు సిద్ధంగా ఉంచుకుని వెళ్తారు.

ఇక బాగాలేనివి.

గది మొదటి అంతస్తులో ఉంది. 17 మెట్లు, లిఫ్ట్ లేదు, పట్టుకోవడానికి కమ్మీ ఒక్కవైపే. వయోవృద్ధుల సంఘానికి ఇది చాలా తప్పు. మోకాళ్లు అరిగిన మనిషి ఆ మెట్ల కింద నిలబడి పైకి చూసి వెనక్కి వెళ్లిపోతే, ఆమె కష్టం ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. అద్దె తక్కువని అక్కడ ఉన్నారు, నిజమే. నేను చేరిన రెండో నెలలోనే మీటింగ్‌లో గట్టిగా చెప్పాను. ఇప్పుడు బుధవారాలు కింద జిరాక్స్ షాపు ముందు ఒక బల్ల, మూడు కుర్చీలు వేస్తున్నారు. అది చాలదు, కింద గది వెతకాలి.

మీటింగులు సాయంత్రం 5కి పెట్టేవాళ్లు. ఇరవై మంది వస్తే ఆడవాళ్లం ముగ్గురం. చీకటి పడ్డాక ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో 70 ఏళ్ల మనిషి ఎలా వెళ్తుంది? పొద్దున 11కి మార్చమన్నాం, మార్చారు. ఇప్పుడు తొమ్మిది పది మందిమి వస్తున్నాం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. సంఘంలో ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులు. వాళ్ల నోట ‘పెన్షన్’ అంటే డీఆర్ (కరువు భృతి) బకాయిలు, హెల్త్ కార్డు, గ్రాట్యుటీ. అవి న్యాయమైనవే, నేనూ పెన్షనర్నే. కానీ ‘పింఛను’ అనే ఇంకో మాట ఉంది. ప్రభుత్వం ఇచ్చే 2,016 కోసం ఎదురుచూసేవాళ్ల నోట అదే మాట. మొదటి ఆరు నెలల మీటింగుల్లో ఆ మాట నేను రెండుసార్ల కంటే ఎక్కువ వినలేదు.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన ఉన్నారు. 68 ఏళ్లు. చెయ్యి వణుకుతుంది, బొగ్గుల పెట్టె రెండు చేతులతో ఎత్తుతారు. భార్యకు చేయూత వస్తుంది, ఆయనకు రాదు. ఇంట్లో వృద్ధాప్య పింఛను ఒక్కరికే అన్న నిబంధన. “అమ్మా, ఇద్దరం ముసలోళ్లమే కదా, ఒకరికే ఆకలైతదా?” అని నా బట్టలు మడతపెడుతూ అడిగారు. నేనేం చెప్పను? ఈ పింఛనే 2014లో ఆసరా పేరుతో మొదలైనప్పుడు 1,000, 2019 నుంచి 2,016. 2023 ఎన్నికల్లో 4,000 చేస్తామన్నారు. పక్క రాష్ట్రంలో 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నారు. 2025 మార్చి 19న బడ్జెట్ చదివినప్పుడు నేను ఇస్త్రీ బండి దగ్గర రేడియో పెట్టి నిలబడ్డాను. పెంపు మాట వినిపించలేదు. ఆయన పెట్టెలో బొగ్గులు కదిపి ఇంకో చొక్కా అందుకున్నారు.

డిసెంబర్ మీటింగ్‌లోనే ఆయన సంగతి లేవదీశాను. “వాళ్లు మన సభ్యులు కాదు కదమ్మా” అన్నారొకరు. చెడ్డ మనసుతో కాదు, అలవాటుగా. నాకు మాత్రం రక్తం మరిగింది. సచివాలయంలో మనం ‘రాష్ట్రంలోని వయోవృద్ధుల తరఫున’ అని రాసి సంతకం పెడతాం కదా, ఆ వయోవృద్ధుల్లో ఇస్త్రీ పెద్దాయన లేడా అని అడిగాను. గట్టిగానే అడిగాను. గంటసేపు వాదన జరిగింది. చివరికి రెండు తీర్మానాలు అయ్యాయి. ఇంట్లో ఇద్దరూ అర్హులైతే ఇద్దరికీ పింఛను ఇవ్వాలనేది ఇకపై సంఘం కోరికల్లో ఒకటి. సభ్యత్వం 300 కట్టలేనివాళ్లకు 10 రూపాయలే. ఇప్పుడు పది రూపాయల సభ్యులు ముప్పై మంది దాకా ఉన్నారు. ఇస్త్రీ పెద్దాయన, మార్కెట్లో ఆకుకూరలమ్మే ఇద్దరు అవ్వలు, ఒక రిటైర్డ్ రిక్షా మనిషి. ఏప్రిల్‌లో ప్రజాభవన్‌కు ఆ వినతిపత్రం మోసుకెళ్లింది వాళ్లే. వేలిముద్ర వేసినవాళ్ల పేర్లు పక్కన నేను రాశాను.

ఆ కాగితానికి ఇన్‌వార్డ్ నంబరు పడింది. జవాబుగా ‘పరిశీలనలో ఉంది’ అని ఒక లైను వచ్చింది. నాలుగో గడిలో తర్వాతి తేదీ వేసి ఉంది.

వాట్సాప్ గ్రూపులో మాత్రం శుభోదయాలూ ఫార్వర్డులూ వద్దని ఎంత చెప్పినా ఆగవు. పనికొచ్చే సమాచారం వాటి కింద పడి పోతోంది. దీనికి ఎవరైనా పూనుకోవాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు: సోమ, బుధ, శుక్రవారాలు 11 నుంచి 1 దాకా తెరిచి ఉంటుంది. ఆధార్, వయసు రుజువు, ఇంటి సమస్య అయితే దస్తావేజు మొత్తం, అన్ని పేజీలూ. మొదటి పేజీ ఒక్కటే తెచ్చేవాళ్లు చాలామంది, మా అక్క లైను ఉన్నది మూడో పేజీలో. పింఛను సంగతి అయితే రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్. ఇంతకు ముందు ఎక్కడైనా అర్జీ ఇచ్చి ఉంటే దాని నంబరు. నంబరు లేకపోతే ఇచ్చిన తేదీ గుర్తు తెచ్చుకుని రండి. పిల్లల మీద ఫిర్యాదు పెట్టడానికి మనసు ఒప్పకపోయినా రావచ్చు, ముందు రాజీ కుదర్చడానికి ఒక అధికారిని పెట్టే పద్ధతి ఆ చట్టంలోనే ఉంది. సంఘంవాళ్లు కూడా ముందు అదే చూస్తారు.

అక్క ఇప్పుడు ముందు గదిలో ఉంది. మొన్న జూన్‌లో సభ్యత్వం రెన్యూవల్‌కు తన 7,000 లోంచి 300 తీసి నా చేతికిచ్చింది, నేను కడతానంటే వినలేదు. కొడుకు ఇంకా అక్కతో సరిగ్గా మాట్లాడడు. మనవరాలు మాత్రం స్కూలు నుంచి వచ్చి కిటికీ దగ్గర అక్క పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది.

ఫోన్ చేసే పెద్దవాళ్లు మొదటి మాటగా సమస్య చెప్పరు. ఎండలు ఎక్కువగా ఉన్నాయంటారు, టైమెంతయిందంటారు, రాంగ్ నంబరేమో అని పెట్టేయబోతారు. అందుకని ఫోన్ దగ్గర తొందరపడని మనిషి ఉండాలని సంఘంలో అడిగి ఆ పని తీసుకున్నాను. బుధవారం 11 నుంచి 1 దాకా ఎత్తేది నేనే.